హోటల్ గదిలో గెస్టు మరిచిపోయిన వస్తువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెకౌట్ అయిన గదిలోకి అడుగు పెడితే ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. ప్లగ్గుకు వేలాడుతున్న ఛార్జరు, బాత్రూమ్ తలుపు వెనక కొక్కేనికి చొక్కా, దిండు కింద కళ్లజోడు. చూడ్డానికి చిన్న విషయాలే. కానీ హౌస్‌కీపింగ్‌లో ఏళ్ల తరబడి పనిచేశాక నాకు తెలిసింది ఏమిటంటే, గెస్టుకూ హోటల్‌కూ మధ్య నమ్మకం తెగేది ఇక్కడే. హోటల్‌కూ గది శుభ్రం చేసే మనిషికీ మధ్య తెగేది కూడా ఇక్కడే. కొత్తగా పనిలో చేరినవాళ్లు, చిన్న లాడ్జీలు నడిపేవాళ్లు, సామాను పోగొట్టుకున్న గెస్టులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇవి.

గదిలో వస్తువు కనిపించింది. అన్నిటికంటే ముందు ఏం చేయాలి?

గెస్టు నిజంగా వెళ్లిపోయారా లేదా అన్నది ఫ్రంట్ ఆఫీస్‌ను (రిసెప్షన్‌ను) అడిగి రూఢి చేసుకోండి. చాలాసార్లు ఆయన గది పొడిగించుకుని టిఫిన్‌కు కిందికి వెళ్లి ఉంటారు, లేదా వేరే గదికి మారుతూ సగం సామాను ఇక్కడే ఉంచి ఉంటారు. ఉన్న గెస్టు సామానును 'దొరికిన వస్తువు' అని తీసుకెళ్లడం కంటే పెద్ద తలనొప్పి లేదు.

వెళ్లిపోయారని తేలితే ఆ గదిలో నుంచే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయండి. గది మొత్తం సర్దాక చెప్దాంలే అనుకోవద్దు. చెకౌట్ తర్వాత మొదటి పది నిమిషాలు బంగారం లాంటివి. గెస్టు ఇంకా బిల్లు కడుతూనో, బయట కారు కోసం ఎదురుచూస్తూనో ఉంటారు. అప్పుడు చేతికి అందించేస్తే రిజిస్టర్, కొరియర్, ఉత్తరప్రత్యుత్తరాలు ఏవీ అక్కర్లేదు. అయినా 'ఫలానా టైముకు చేతికిచ్చాం' అని ఒక్క ముక్క రాసి సంతకం తీసుకోండి.

వస్తువును జేబులో వేసుకోవద్దు, క్షణం కోసమైనా సరే. ట్రాలీ పైన సబ్బుల పక్కన పెట్టి కారిడార్‌లో వదిలేయొద్దు. సూపర్‌వైజర్ వచ్చేదాకా అది దొరికిన చోటే ఉండనివ్వండి.

గదిలో ఎక్కడెక్కడ వెతకాలి?

అందరూ బల్లల మీద, సొరుగుల్లో చూస్తారు. వస్తువులు ఎక్కువగా మిగిలిపోయేది మాత్రం చూపు ఆనని చోట్ల. లాకర్‌లో, బీరువా పై అరలో, పరుపుకూ తలగడ వైపు చెక్కకూ మధ్య సందులో, మంచం కింద గోడ వైపు, షవర్ పక్క గట్టు మీద, చిన్న ఫ్రిజ్‌లో, తెర వెనక కిటికీ గట్టు మీద. లాకర్ తలుపు మూసి ఉంటే ఖాళీగా ఉందని అనుకోవద్దు. తెరిచి చేత్తో తడిమి చూడండి. వెలుతురు పడని లోపలి మూలలో నల్ల పర్సు కంటికి కనపడదు.

అన్నిటికంటే ప్రమాదం దుప్పట్లతో. తెల్ల దుప్పటి మీద తెల్ల ఛార్జరు, తెల్ల ఇయర్‌ఫోన్లు కనిపించవు. ఒకసారి ఒక పెద్దావిడ మధ్యాహ్నం ఫోన్ చేశారు. రాత్రి చేతులకు క్రీము రాసుకుంటూ పెళ్లి ఉంగరం తీసి దిండు పక్కన పెట్టారట, అది లేదని ఊరు చేరాక చూసుకున్నారట. అప్పటికి ఆ అంతస్తు దుప్పట్లన్నీ మూటలు కట్టి లాండ్రీకి దిగిపోయాయి. మిషన్లు ఆపించి, నేల మీద ఒక శుభ్రమైన దుప్పటి పరిచి, మూటలు ఒక్కొక్కటే విప్పి దులిపాం. ఉంగరం దిండు గలీబు లోపలి మడతలో, కుట్టు మూలకు ఇరుక్కుని ఉంది. గలీబును తిరగేసి ఉండకపోతే అది నేరుగా వేడి నీళ్లలోకి పోయేది.

ఆ రోజు నుంచి మా దగ్గర పద్ధతి మారింది. పక్క మీదివన్నీ ఒకేసారి చుట్టచుట్టి లాగేయడం మానేశాం. ఒక్కో దుప్పటి విడిగా తీసి, నాలుగు మూలలూ పట్టుకుని మంచం మీదే దులిపి, గలీబులు తిరగేసి, ఆ తర్వాతే సంచిలో వేస్తాం. గదికి ఒకటిన్నర నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

రిజిస్టర్‌లో ఏం రాయాలి?

తేదీ, టైము, గది నంబరు, గదిలో సరిగ్గా ఎక్కడ దొరికింది, ఎవరికి దొరికింది, ఎవరికి అప్పగించారు, ఏ అరలో పెట్టారు, ఇద్దరి సంతకాలు. వరుస నంబరు వేసి, అదే నంబరున్న చీటీ వస్తువుకు కట్టాలి. వస్తువు అరలో ఉండి చీటీ ఊడిపోతే అది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. అందుకే చీటీ సంచి బయట అంటించి ఊరుకోకుండా లోపల ఇంకొకటి వేయండి.

వర్ణన రాసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. కంటికి కనిపించిందే రాయాలి, అనుకున్నది రాయకూడదు. 'బంగారు ఉంగరం' అని రాయొద్దు, 'పసుపు రంగు లోహపు ఉంగరం, తెల్ల రాయి ఒకటి' అని రాయండి. అది బంగారమో రోల్డ్‌గోల్డో తేల్చడం మన పని కాదు. 'వజ్రపుటుంగరం' అని మన చేత్తో రాసిపెట్టి, రేపు గాజురాయి ఉంగరం తిరిగిస్తే, రాయి మార్చేశారన్న మాట గది శుభ్రం చేసిన మనిషి మీదికి వస్తుంది. వాచీకి కంపెనీ పేరు రాయాల్సి వస్తే 'డయల్ మీద ఫలానా పేరు ఉంది' అని రాయాలి. అది అసలు కంపెనీదే అని మనం ఒప్పుకున్నట్టు ఉండకూడదు.

గీతలు, పగుళ్లు, ఊడిన గుండీలు కూడా రాయండి. 'ఫోన్, నలుపు, తెర కింది ఎడమ మూల పగిలి ఉంది' అన్న ఒక్క వాక్యం తర్వాత వచ్చే ఎంత గొడవను ఆపుతుందో చెప్పలేను. వీలుంటే దొరికిన చోటే ఫోటో తీయండి, కానీ హోటల్ ఫోన్‌తోనే. సొంత ఫోన్‌లో గెస్టుల సామాను ఫోటోలు ఉండకూడదు.

చెత్తబుట్టలో ఉన్న వాటిని కూడా దాచాలా?

అక్కర్లేదు. బుట్టలో ఉన్నది పారేసినది, బుట్ట బయట ఉన్నది మరిచిపోయినది. నేల మీద నలిగి పడున్న కాగితమైనా సరే, దాని మీద చేతిరాత ఉంటే తీసి పెట్టండి. చిన్నపిల్లలు గీసిన బొమ్మ కోసం, మందుల చీటీ కోసం, ఎవరిదో ఫోన్ నంబరు రాసుకున్న ముక్క కోసం ఫోన్లు వస్తాయి. దాని విలువ మనకు తెలియదు.

ఒక్క మినహాయింపు. బుట్టలో పర్సో, కార్డో, గుర్తింపు కాగితమో కనిపిస్తే అది పొరపాటున జారిపడి ఉండొచ్చు, ఇంకెవరో దొంగిలించి డబ్బు తీసుకుని పారేసి ఉండొచ్చు. అది సూపర్‌వైజర్‌కు చేరాల్సిందే.

దొరికిన వస్తువులు ఎవరి దగ్గర ఉండాలి?

ఒకే చోట, ఒకే శాఖ చేతిలో. సాధారణంగా అది హౌస్‌కీపింగ్. రెస్టారెంట్‌లో దొరికింది రెస్టారెంట్ కౌంటర్‌లో, లాబీలో దొరికింది రిసెప్షన్ సొరుగులో, ఈత కొలను దగ్గర దొరికింది అక్కడి కుర్రాడి బీరువాలో ఉంటే, గెస్టు ఫోన్ చేసినప్పుడు నలుగురూ నాలుగు జవాబులు చెప్తారు. ఎక్కడ దొరికినా షిఫ్టు ముగిసేలోగా ఒక్క గదికి చేరాలి. దాని తాళం షిఫ్టుకు ఒక్కరి దగ్గరే ఉండాలి. తాళం ఎవరు ఎప్పుడు తీసుకున్నారో కూడా రాసి ఉండాలి.

అరల్ని నెలవారీగా సర్దితే వెతకడం తేలిక. వస్తువు రకాన్ని బట్టి సర్దినవాళ్లు ఛార్జర్ల గుట్టలో మునిగిపోతారు.

డబ్బు, నగలు దొరికితే?

ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. ఒక్కరే ఎప్పుడూ లెక్కపెట్టొద్దు. ఏ నోట్లు ఎన్ని ఉన్నాయో విడివిడిగా రాసి, కవరులో పెట్టి, అంటించిన చోటికి అడ్డంగా ఇద్దరూ సంతకాలు చేసి, డ్యూటీ మేనేజర్ లేదా సెక్యూరిటీ చేతుల్లోని ఇనప్పెట్టెలో పెట్టాలి. పర్సు దొరికితే అందులోని డబ్బుకూ ఇదే పద్ధతి. దిండు మీదో బల్ల మీదో విడిగా పెట్టిన చిన్న మొత్తం టిప్పా, మరిచిపోయిన డబ్బా అన్న సందేహం వస్తుంటుంది. 'థాంక్స్' అన్న చీటీ ఉంటే టిప్పు. ఏమీ లేక, మొత్తం మామూలు కంటే పెద్దదిగా ఉంటే సూపర్‌వైజర్‌కు చెప్పడమే మంచిది. చెప్పిన మనిషికి నష్టమేమీ లేదు.

ఫోన్, ల్యాప్‌టాప్ దొరికాయి. తెరిచి యజమాని ఎవరో చూడొచ్చా?

చూడకూడదు. లాక్ లేకపోయినా సరే. మంచి ఉద్దేశంతో తెరిచినా, లోపల ఏదైనా పోయిందని గెస్టు అంటే మన దగ్గర జవాబు ఉండదు. గది నంబరును బట్టి గెస్టు ఎవరో తెలుస్తూనే ఉంది, ఇంక లోపలికి తొంగిచూడాల్సిన పనేముంది?

ఫోన్‌ను వెంటనే ఆఫ్ చేయొద్దు. గెస్టు ఇంకో ఫోన్ నుంచి దాని జాడ వెతుకుతూ ఉండొచ్చు. మోగితే సూపర్‌వైజర్ ఎత్తి, హోటల్ పేరు చెప్పి, ఫోన్ తమ దగ్గర ఉందని మాత్రమే చెప్పాలి. ఎవరు, ఎప్పుడు, ఎవరితో వచ్చారన్న మాటలు వద్దు. తీసుకోవడానికి వచ్చిన మనిషి మన ఎదుటే దాన్ని అన్‌లాక్ చేసి చూపిస్తే అంతకంటే మంచి రుజువు లేదు. బ్యాటరీ అయిపోయి ఉంటే, ఛార్జ్ చేసి అన్‌లాక్ చేయించాకే ఇవ్వండి. అదీ కుదరకపోతే ఫోన్ కొన్న పెట్టె మీద ఐఎంఈఐ నంబరు ఉంటుంది, ఒక్కో ఫోన్‌కూ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు అది. గెస్టు పంపిన పెట్టె ఫోటోలోని నంబరును ఫోన్ మీద నంబరు ముద్రించి ఉంటే దాంతో పోల్చవచ్చు.

పాస్‌పోర్ట్, బ్యాంకు కార్డులు?

పాస్‌పోర్ట్ విషయంలో గంటలు లెక్క. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పోయిందని ఒకసారి ఫిర్యాదు చేసి రద్దు చేయించుకున్నాక, అదే పాస్‌పోర్ట్ దొరికినా దాంతో ప్రయాణం కుదరదు. పోయిన, దొంగతనానికి గురైన ప్రయాణ పత్రాల వివరాలు 2002లో ఇంటర్‌పోల్ (దేశదేశాల పోలీసులను కలిపే సంస్థ) మొదలుపెట్టిన డేటాబేస్‌కు చేరతాయి, సరిహద్దు దగ్గర ఆ నంబరు పట్టుబడుతుంది. కాబట్టి గెస్టు విమానాశ్రయంలో కంగారుపడి ఫిర్యాదు చేసేలోపే మన కబురు అందాలి. గెస్టు జాడ దొరకకపోతే దాన్ని అరలో నెలల తరబడి ఉంచొద్దు. పోలీసులకో, ఆ దేశ రాయబార కార్యాలయానికో రసీదు తీసుకుని అప్పగించండి. పాస్‌పోర్ట్ అన్నది దాన్ని జారీ చేసిన ప్రభుత్వపు ఆస్తి.

కార్డు నంబరు మొత్తం రిజిస్టర్‌లో రాయొద్దు, కార్డు ఫోటో తీయొద్దు. బ్యాంకు పేరు, చివరి నాలుగు అంకెలు, కార్డు మీది పేరు చాలు. గెస్టు సాధారణంగా దాన్ని బ్లాక్ చేయించి, ఇక అక్కర్లేదంటారు. ఆ మాట రాతపూర్వకంగా తీసుకుని, చిప్పు మీదుగా కత్తిరించి పారేయండి.

మందులు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం లాంటివి?

విలువ లెక్కన చూస్తే వీటిని మామూలు వస్తువుల్లో పడేస్తారు. నా దృష్టిలో నగల కంటే ముందు వీటి గురించే ఫోన్ చేయాలి. ఉంగరం లేకుండా మనిషి ఒక వారం ఉండగలరు, వినికిడి యంత్రం లేకుండా ఆ రోజు సాయంత్రమే ఇంట్లోవాళ్లతో మాట్లాడలేరు.

కట్టుడు పళ్లను చాలామంది పెద్దవాళ్లు రాత్రిళ్లు టిష్యూ కాగితంలో చుట్టి సింకు గట్టు మీద పెడతారు. పొద్దున్నే వాడేసిన టిష్యూ అనుకుని బుట్టలోకి తోసేస్తాం. సింకు దగ్గర నలిగిన టిష్యూ ఉంటే చేతొడుగుతో ఒక్కసారి నొక్కి చూడండి. బరువుగా, గట్టిగా తగిలితే విప్పండి. గ్లాసు నీళ్లలో ఉంటే ఆ నీళ్లు సింకులో గబుక్కున ఒంపేయొద్దు. దొరికాక మూతున్న డబ్బాలో కొద్దిగా శుభ్రమైన నీళ్లు పోసి, తడి ఆరకుండా ఉంచాలి.

ఫ్రిజ్‌లో ఇన్సులిన్ కనిపిస్తే దాన్ని తెచ్చి అరలో పెట్టడం పాడుచేయడమే. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. వెంటనే ఫ్రిజ్ ఉన్న చోటికి మార్చి, ఆ సంగతి రిజిస్టర్‌లో రాయండి. కొంతసేపు బయట ఉండిపోయి ఉంటే ఆ మాట దాచకుండా గెస్టుకు చెప్పండి. వాడాలా వద్దా అన్నది వాళ్ల డాక్టరు తేల్చాలి. ఏ మందునూ ఇంకొకరికి ఇవ్వొద్దు.

తినే వస్తువులు, తడి బట్టలు, లోదుస్తులు?

విప్పిన తినుబండారం అదే రోజు పారేయాలి. మూత తీయని డబ్బాలు గడువు తేదీని బట్టి కొన్నాళ్లు ఉంచొచ్చు. తడి బట్టల్ని అలాగే ప్లాస్టిక్ సంచిలో మూటకడితే రెండు రోజుల్లో బూజు పట్టి వాసన కొడతాయి, ముందు ఆరేయండి. లోదుస్తులు ఉతికించి విడిగా, లోపల ఏముందో కనపడని సంచిలో పెట్టండి. వీటి కోసం ఎవరూ అంతగా అడగరు, అడిగితే మాత్రం మర్యాదగా ఇచ్చేలా ఉండాలి.

ఆయుధమో, మత్తుపదార్థం అనిపించేదో కనిపిస్తే?

ముట్టుకోవద్దు. బయటికి వచ్చి, తలుపు మూసి, సెక్యూరిటీని పిలవండి. పోలీసులను పిలవడం మేనేజర్ పని. ఇవి దొరికిన వస్తువుల అరలోకి రానే కూడదు.

మనమే గెస్టుకు ఫోన్ చేసి చెప్పాలా? వాళ్లు అడిగేదాకా ఆగాలా?

హోటల్ రంగంలో పాత పద్ధతి ఆగడమే. దానికి కారణం బద్ధకం కాదు. గెస్టు ఎవరితో వచ్చారో, ఇంట్లో ఏమని చెప్పి వచ్చారో మనకు తెలియదు. ఇంటి నంబరుకు ఫోన్ చేసి 'మీ గదిలో ఆడవాళ్ల శాలువా దొరికిందండీ' అంటే, ఆ ఒక్క మాటతో ఒక కాపురంలో నిప్పు రాజుకోవచ్చు. హోటల్‌లో ఎవరు బస చేశారన్నది కూడా మనం దాచవలసిన విషయమే.

ఇప్పుడు బుకింగ్‌లో గెస్టు సొంత మొబైల్, ఈమెయిల్ ఉంటున్నాయి కాబట్టి నేను మధ్యేమార్గం పాటిస్తాను. పాస్‌పోర్ట్, మందులు, ఫోన్, పర్సు, ల్యాప్‌టాప్, నగలు దొరికితే వెంటనే గెస్టు సొంత నంబరుకే చేస్తాను. ఇంకెవరైనా ఎత్తితే 'బుకింగ్ గురించి మాట్లాడాలి, వారినే ఒకసారి ఫోన్ చేయమనండి' అని పెట్టేస్తాను. ఈమెయిల్‌లో వస్తువు పేరు రాయను. 'మీ బస తర్వాత ఒక వస్తువు మా దగ్గర భద్రంగా ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని రాస్తే చాలు. బట్టలు, సబ్బుపెట్టెలు, బొమ్మల లాంటి వాటికి వాళ్లు అడిగేదాకా ఆగుతాను.

ఆఫీసు పేరు మీద, ట్రావెల్ ఏజెంట్ ద్వారా బుక్ అయిన గదులైతే కబురు మధ్యవర్తికి చెప్పొద్దు. గెస్టుకే చేరాలి.

వస్తువు తనదేనని ఎలా నమ్మాలి?

వివరాలు వాళ్ల నోటి నుంచి రావాలి. 'నీలం రంగు పర్సేనా అండీ?' అని అడిగితే ఎవరైనా 'అవును' అంటారు. 'ఏ రంగు, ఎన్ని అరలు, లోపల ఏమున్నాయి, చివరిసారి ఎక్కడ పెట్టినట్టు గుర్తు?' అని అడగాలి. చెప్పింది రిజిస్టర్‌లోని వర్ణనకు సరిపోతే, గది నంబరు, బస చేసిన తేదీలు, గుర్తింపు కార్డు చూసి, సంతకం తీసుకుని ఇవ్వండి. ఇందుకే వర్ణనలో ఒక్క గుర్తు ఎవరికీ చెప్పకుండా అట్టిపెట్టుకోవాలి. లోపలి జిప్పుకు కట్టిన ఎర్రదారం లాంటిది.

గెస్టు సరిగ్గా చెప్పలేకపోతే అబద్ధమాడుతున్నారని తేల్చేయొద్దు. రోజూ వాడే గొడుగు పిడి ఏ రంగో చాలామందికి గుర్తుండదు. ఫోటో ఏదైనా ఉందేమో అడగండి.

గెస్టు తరఫున వేరేవాళ్లు వస్తే?

రిజిస్టర్ అయిన గెస్టు నుంచి రాతపూర్వకంగా అనుమతి రావాలి. భార్య, భర్త, అన్నదమ్ములు, డ్రైవర్, ఎవరైనా సరే. ఆ వ్యక్తి పేరు గెస్టే రాసి పంపాలి, వచ్చినవాళ్లు గుర్తింపు కార్డు చూపాలి. అనుమతి లేకుండా ఎవరైనా వచ్చి 'ఆయన ఇక్కడే దిగారు కదా' అంటే 'దిగారు' అనీ అనొద్దు, 'లేదు' అనీ అనొద్దు. 'గెస్టుల వివరాలు చెప్పడం మా పద్ధతి కాదండీ' అనాలి. కోప్పడతారు. పడనివ్వండి.

కొరియర్‌లో పంపేటప్పుడు ఏం చూసుకోవాలి?

చిరునామా గెస్టు రాసి పంపిందే వాడాలి, బుకింగ్‌లో ఉన్నది కాదు. ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. మామూలుగా గెస్టుదే, మన తప్పు వల్ల ఆలస్యమైతే మనమే పెట్టుకోవడం మర్యాద. ప్యాకెట్ మీద హోటల్ పేరు ఉండొచ్చా అని కూడా అడగండి. పెట్టెలో పెట్టే ముందు ఒక ఫోటో, పెట్టాక ఒక ఫోటో తీసి గెస్టుకు పంపండి. వేరే దేశానికైతే కస్టమ్స్ కాగితంలో 'వాడిన సొంత సామాను' అని నిజమే రాసి, విలువ గెస్టు చెప్పింది వేయండి.

పవర్‌బ్యాంకు దగ్గర అందరూ తడబడతారు. విడిగా ఉన్న లిథియం అయాన్ బ్యాటరీల్ని ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. సరుకు విమానాల్లో పంపాలన్నా ఛార్జ్ 30 శాతానికి మించకూడదు, ప్రత్యేక ప్యాకింగ్, లేబుల్ ఉండాలి. పవర్‌బ్యాంకు ఈ లెక్కలోకే వస్తుంది. ఫోన్, ల్యాప్‌టాప్ లోపలి బ్యాటరీకి నియమాలు కాస్త సడలింపుగా ఉంటాయి, అయినా కొరియర్‌వాళ్లకు చెప్పే పంపాలి. బట్టల మధ్య పవర్‌బ్యాంకు దాచి 'దుస్తులు' అని రాసి పంపించేయడం నేను చూశాను. అది విమానంలో మంటకు దారి తీయగలిగే పని, దయచేసి చేయొద్దు. రోడ్డు మీదుగా వెళ్లే సర్వీసు ఉందేమో కనుక్కోండి. అత్తరు, స్ప్రే సీసాలు కూడా మండే పదార్థాల కిందికి వస్తాయి.

ఎన్నాళ్లు దాచాలి?

ముందు మీ దేశపు చట్టం ఏమంటుందో కనుక్కోండి, ఎందుకంటే ఇది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. జపాన్‌లో పోలీసులకు అప్పగించిన వస్తువుకు గడువు ఒకప్పుడు 6 నెలలు ఉండేది, 2007 నుంచి 3 నెలలు. జర్మనీలో 6 నెలలు. చట్టం ఏమీ చెప్పని చోట చాలా హోటళ్లు మామూలు వస్తువుల్ని 3 నెలలు, విలువైనవాటిని 6 నెలల నుంచి ఏడాది దాకా ఉంచుతాయి. మీ గడువు ఏదైనా కాగితం మీద ఉండాలి, అందరికీ ఒకేలా వర్తించాలి.

గడువు దాటాక వస్తువు ఎవరిది? దొరికినవాళ్లకు ఇవ్వొచ్చా?

దొరికినవాళ్లది అవుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఇంగ్లండ్‌లో 1980ల మొదట్లో ఒక పేరున్న తీర్పు వచ్చింది. విమానాశ్రయపు లాంజ్‌లో ఒక ప్రయాణికుడికి బంగారు కడియం దొరికింది. అసలు యజమాని రాలేదు. ఆ కడియం విమాన సంస్థది కాదు, దొరికిన ప్రయాణికుడిదేనని అప్పీలు కోర్టు అంది. కానీ అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఉద్యోగంలో ఉండగా ఉద్యోగికి దొరికింది యజమాని తరఫున దొరికినట్టే. పైగా తీర్పు ప్రకారం, స్థలం మీద అదుపు ఎంత గట్టిగా ఉంటే స్థలం యజమానికి అంత బలం. తాళం వేసి, రోజూ శుభ్రం చేసే హోటల్ గది ప్రయాణికులు వచ్చిపోయే లాంజ్ లాంటిది కాదు.

చట్టం ఒప్పుకున్న చోట, గడువు తీరిన మామూలు వస్తువును దొరికిన ఉద్యోగికే ఇచ్చే పద్ధతి చాలా హోటళ్లలో ఉంది. నేను దాన్ని గట్టిగా సమర్థిస్తాను. నిజాయితీగా అప్పగించిన మనిషికి, ఆ నిజాయితీని హోటల్ గుర్తుంచుకుందని తెలుస్తుంది. అయితే గేట్ పాస్ లేకుండా అది బయటికి వెళ్లకూడదు. మేనేజర్ సంతకం చేసిన పాస్ ఉంటే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపినప్పుడు ఆ ఉద్యోగి తల దించుకోనక్కర్లేదు. మిగిలినవి సేవా సంస్థలకు ఇవ్వొచ్చు. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మాత్రం డేటా పూర్తిగా తుడిచేశాకే. తుడవడం కుదరకపోతే ఎలక్ట్రానిక్ వ్యర్థాల్ని నాశనం చేసేవాళ్లకు ఇచ్చి కాగితం తీసుకోండి.

గెస్టు 'మీ రూమ్ బాయే తీశాడు' అంటున్నారు. ఎలా?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

నేను సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు ఒక కుర్రాడికి గదిలో చేతిగడియారం దొరికింది. అప్పుడు చెకౌట్ల హడావిడి. అతను కిందికి తెచ్చి డెస్క్ దగ్గర ఇచ్చి 'ఇది ఫలానా గదిది' అని నోటితో చెప్పి వెళ్లిపోయాడు. డెస్క్‌లో ఉన్నవాళ్లు 'తర్వాత రాద్దాం' అని సొరుగులో పెట్టారు. షిఫ్టు మారింది. సాయంత్రం గెస్టు ఫోన్ చేస్తే రిజిస్టర్‌లో ఏమీ లేదు. పదకొండు రోజులు ఆ అబ్బాయి దొంగ అన్న చూపుల మధ్య పనిచేశాడు. భోజనానికి అందరితో కూర్చోవడం మానేశాడు. పన్నెండో రోజు పాత బిల్లు పుస్తకం కోసం సొరుగు పూర్తిగా బయటికి లాగితే, గడియారం వెనక్కి జారి చెక్క సందులో ఉంది. అతను నిజమే చెప్పాడు, కానీ ఆ నిజానికి సాక్ష్యంగా ఒక్క వాక్యం లేదు. రాయించాల్సింది నేను. అందుకే ఇప్పుడు మా దగ్గర వస్తువు ఇచ్చిన మనిషి, వరుస నంబరు రాసిన చీటీ చేతికి వచ్చేదాకా డెస్క్ దగ్గర నుంచి కదలడు.

ఇక ఫిర్యాదు వచ్చినప్పుడు చేయాల్సింది: గెస్టు చెప్పింది మధ్యలో అడ్డుపడకుండా విని, ఆయన మాటల్లోనే రాసుకోవాలి. 'మావాళ్లు అలాంటివాళ్లు కాదు' అనొద్దు, 'విచారిస్తాం, తేలుస్తాం' అనే మాటను ఫలానా టైములోగా అని కలిపి చెప్పండి. ఎలక్ట్రానిక్ తాళమైతే ఏ కార్డుతో ఎప్పుడు తెరిచారో తాళంలోనే నమోదై ఉంటుంది, ముందు అది తీయించండి. తర్వాత గది, లాండ్రీ, వాక్యూమ్ సంచి వెతికించండి. ఉద్యోగిని నలుగురి ముందు నిలబెట్టి అడగొద్దు, బ్యాగు బలవంతంగా విప్పించొద్దు. విడిగా కూర్చోబెట్టి ఆ రోజు గదిలో ఏం చేశారో వరుసగా చెప్పమనండి. గెస్టు పోలీసు ఫిర్యాదు ఇస్తానంటే వద్దని నచ్చజెప్పకండి, అది వారి హక్కు.

వస్తువు గెస్టు పెట్టెలోనే దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. అలా దొరికినప్పుడు ఆ కబురు ఆ ఉద్యోగికి మేనేజరే స్వయంగా వెళ్లి చెప్పాలి.

దీనికి సాఫ్ట్‌వేర్ కొనాలా?

వందల గదులుంటే, నాలుగైదు హోటళ్లు ఒకే యాజమాన్యం కింద ఉంటే పనికొస్తుంది. ఫోటో పెట్టొచ్చు, పేరు కొట్టి వెతకొచ్చు. ముప్పై గదుల హోటల్‌కు పేజీలు చింపడానికి వీల్లేని, నంబర్లు అచ్చేసిన పుస్తకం ఒకటి చాలు. పుస్తకంలో తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరిచేసి సంతకం పెట్టాలి. వైట్‌నర్ వాడిన రిజిస్టర్‌ను ఎవరూ నమ్మరు.

నేను గెస్టును. హోటల్‌లో ఏదో మరిచిపోయాను. ఏం చేయాలి?

వెంటనే ఫోన్ చేయండి, గది ఇంకా సర్ది ఉండకపోవచ్చు. రిసెప్షన్‌లో విషయం చెప్పి ఆపకుండా హౌస్‌కీపింగ్‌కు కలపమని అడగండి. గది నంబరు, వెళ్లిన టైము, వస్తువు గుర్తులు, చివరిసారి ఎక్కడ చూశారో చెప్పండి. 'మంచం దగ్గర' అనే బదులు 'కిటికీ వైపు దిండు కింద' అంటే వెతికేవాళ్లు నేరుగా అక్కడికి వెళ్తారు. మాట్లాడిన మనిషి పేరు, టైము రాసుకోండి. అదే రోజు ఆ వివరాలన్నీ ఈమెయిల్ కూడా చేయండి. 'దొరకలేదు' అన్నా మూడు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి అడగండి, ఎందుకంటే లాండ్రీకి వెళ్లిన దుప్పట్లలో నుంచి, పరుపు తిప్పినప్పుడు సందులో నుంచి బయటపడేవి ఉంటాయి. దొరికి మీకు చేరాక, చేరిందని ఒక్క ముక్క రాసి పంపండి, వీలైతే వెతికి ఇచ్చినవాళ్ల పేరు అడిగి అది కూడా రాయండి. ఆ కాగితం వాళ్ల ఫైల్లోకి వెళ్తుంది.